పరికరం ఆగినా గురి ఆగకూడదు: రెడ్ డాట్ సైట్ల సాధనపై అస్కా సమావేశ తీర్మానం

గంజాం జిల్లా అస్కాలో షూటింగ్ అభ్యాసకులు, శిక్షకులు, తల్లిదండ్రులు సమావేశమయ్యారు. రెడ్ డాట్ సైట్లతో సాధన చేసేటప్పుడు పరికరాలు మొరాయిస్తే ఏం చేయాలన్న విషయాన్ని పరిశీలించి, ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

గమనించిన అంశాలు

1. ఈ సమావేశం గమనించినది: రెడ్ డాట్ సైటు ఒక చిన్న ఎల్‌ఈడీ వెలుగును వంపు అద్దం మీద పడేసి షూటర్ కంటికి ఎర్రచుక్కగా చూపిస్తుంది. ఆ చుక్క లక్ష్యం మీద పడదు, గురి చూసేవారికి మాత్రమే కనబడుతుంది. దీని మూలసూత్రం పాతదే. ఐర్లండ్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్ 1900లోనే రిఫ్లెక్టర్ సైటును రూపొందించాడు. స్వీడన్‌లోని ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో బ్యాటరీతో వెలిగే సైటును మార్కెట్లోకి తెచ్చింది. నేడు దొరుకుతున్న సైట్లలో ఎక్కువ భాగం ఒక బటన్ సెల్, ఒక సన్నని సర్క్యూట్, ఒక అద్దం, నాలుగైదు చిన్న స్క్రూల మీద ఆధారపడి పనిచేస్తాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా సైటు మొత్తం పనికిరాదు.

2. ఈ సమావేశం గుర్తించినది: రెడ్ డాట్ సైటు శిక్షణకు మంచి సాధనం. ఐరన్ సైట్లతో గురి చూసేవారు వెనుక గాడిని, ముందు మొనను, లక్ష్యాన్ని ఒక వరుసలోకి తెచ్చి, చూపును ముందు మొన మీద నిలపాలి. రెడ్ డాట్ సైటులో చూపు లక్ష్యం మీదే ఉంటుంది. దగ్గరి చూపు తగ్గిన నడివయసు వారికి ఇది పెద్ద ఊరట. చేతి వణుకునూ, ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా గుంజే దురలవాటునూ చుక్క కదలిక వెంటనే బయటపెడుతుంది. అందువల్ల ఈ సైట్లను నిషేధించాలని గాని, నిరుత్సాహపరచాలని గాని ఈ సమావేశం భావించడం లేదు.

3. ఈ సమావేశం గమనించినది: అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో ఓపెన్ సైట్లకే, అంటే అద్దం లేని ఐరన్ సైట్లకే, అనుమతి ఉంది. రెడ్ డాట్‌కు చోటిచ్చేది ఐపీఎస్సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) తరహా పోటీల్లో ఓపెన్, ప్రొడక్షన్ ఆప్టిక్స్ వంటి విభాగాలు. మన పిల్లలు ఆదర్శంగా చూసుకునే హైదరాబాద్ షూటర్లు కూడా చుక్క సాయం లేకుండానే పతకాలు సాధించారు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచారు. ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ రజతం గెలిచారు. చుక్క ఉంటేనే గురి కుదిరే అభ్యాసకుడికి ఒలింపిక్ పోటీల దారి మూసుకుపోతుంది.

4. ఈ సమావేశం గమనించినది: అస్కా ఋషికుల్య ఒడ్డున ఉంది. వానాకాలంలో ఇక్కడి గాలిలో తేమ విపరీతం. ఏసీ గదిలోంచి తెచ్చిన సైటును రేంజిలో పెట్టె నుంచి తీయగానే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. ఎల్‌ఈడీ బయటికి తెరిచి ఉండే రకం సైటులో దాని మీద ఒక్క నీటిబొట్టు నిలిచినా చాలు. గుండ్రటి చుక్క చెదిరి ఎర్రటి తుంపరలా కనిపిస్తుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. లోపలి పొరలో చేరిన తేమను గుడ్డతో తుడిచి పోగొట్టలేం.

5. ఈ సమావేశం గమనించినది: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు గంజాం జిల్లా విద్యుత్ వ్యవస్థ కుప్పకూలింది. కరెంటు మీద, చార్జింగు మీద, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద మాత్రమే ఆధారపడిన శిక్షణ ఈ తీరంలో ఏటా అక్టోబరు తుపాన్ల గండాన్ని దాటాల్సి ఉంటుంది.

6. ఈ సమావేశం గమనించినది: వెల ఎక్కువైనంత మాత్రాన పరికరం నమ్మదగినది కాదు. సైనికులు వాడే హోలోగ్రాఫిక్ సైట్లు చలిలోనూ, తేమ ఎక్కువైన చోట్లా చెప్పినట్టు పనిచేయలేదన్న అభియోగంపై అమెరికా ప్రభుత్వంతో వాటిని తయారుచేసిన ఈఓటెక్ అప్పటి మాతృసంస్థ 2015లో రాజీకి వచ్చి, 2 కోట్ల 56 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. సైన్యానికి చేరిన సరుకుకే ఆ గతి పట్టినప్పుడు మన పెట్టెలోని సైటును పరీక్షించకుండా నమ్మడం తగదు.

7. ఈ సమావేశం గమనించినది: 2021 జులై 25న టోక్యో ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీలో భారత షూటర్ మను భాకర్ పిస్టల్ మొరాయించింది. అప్పటికి ఆమెకు ఇంకా 44 షాట్లు మిగిలి ఉన్నాయి. మరమ్మతు ముగించుకుని ఆమె తిరిగి వచ్చేసరికి 40 నిమిషాల కంటే తక్కువ సమయమే మిగిలింది. ఆమె కోసం గడియారం ఆగలేదు. 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచి, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్‌కు దూరమయ్యారు. మూడేళ్ళ తరువాత పారిస్‌లో అదే విభాగంలో ఆమె కాంస్యం గెలిచారు. పరికరం చేసిన నష్టాన్ని సాధనతో పూడ్చుకోవచ్చని ఆమె నిరూపించారు.

8. ఈ సమావేశం గమనించినది: 2008 ఆగస్టు 11న బీజింగ్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ ఫైనల్ మొదలయ్యే ముందు అభినవ్ బింద్రా వేసిన పరీక్ష షాటు పది చుట్టూ పడాల్సింది నాలుగు దగ్గర పడింది. సైటు జరిగిందని ఆయన గ్రహించి, కంగారు పడకుండా సరిచేసుకుని, 700.5 పాయింట్లతో భారత్‌కు తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. 2004లో ఒలింపిక్స్‌కు ముందు అమెరికా షూటర్ మాట్ ఎమన్స్ రైఫిల్‌ను ఎవరో పాడుచేశారు. ఆయన తోటి షూటర్ దగ్గర అరువు తెచ్చుకున్న రైఫిల్‌తో ఏథెన్స్‌లో 50 మీటర్ల ప్రోన్ స్వర్ణం గెలిచారు. ఈ ఇద్దరికీ ఆ రోజు అక్కరకొచ్చింది ముందే అలవడిన నిబ్బరం.

విచారం

9. ఈ సమావేశం విచారం వ్యక్తం చేస్తున్నది: పరికరం మొరాయించడాన్ని గ్రహచారంగా భావించి, ఆ రోజుకు సాధన చాలించి ఇంటికి పోయే అలవాటు మనలో ఉంది. మొరాయింపు సాధనకు అడ్డం కాదు, సాధనలో ఒక పాఠం.

10. ఈ సమావేశం విచారం వ్యక్తం చేస్తున్నది: చుక్క ఆరిపోతే అందరికీ తెలుస్తుంది. చుక్క వెలుగుతూనే తప్పు చోటు చూపిస్తే ఎవరికీ తెలియదు. సైటును తుపాకీకి పట్టి ఉంచే మౌంటు స్క్రూ ఒక్కటి వదులైనా సైటు జరుగుతుంది. 4 మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్) మేర జరిగితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ 11 మిల్లీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది వలయం మొత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. నడిమధ్యకు గురిపెట్టిన పది తొమ్మిదవుతుంది. ఆ తప్పును పిల్లల చేతి మీద మోపి, వారాల తరబడి పట్టునూ, నిలబడే తీరునూ మార్పించడం వల్ల మంచి అలవాట్లు చెడిపోతున్నాయి. పిల్లల్లో ఆత్మవిశ్వాసం దెబ్బతింటున్నది.

11. ఈ సమావేశం విచారం వ్యక్తం చేస్తున్నది: తుపాకీ పేలకపోతే వెంటనే గొట్టం తన వైపు తిప్పి చూసుకోవడం, పక్కవారి చేతికి ఇవ్వడం, అక్కడికక్కడే స్క్రూడ్రైవర్‌తో విప్పడం వంటి పనులు ఇప్పటికీ జరుగుతున్నాయి. ఇవి ప్రాణం మీదికి తెస్తాయి.

తీర్మానాలు

12. తీర్మానించడమైనది: కొత్త అభ్యాసకులందరికీ శిక్షణ ఐరన్ సైట్లతోనే మొదలవుతుంది. ఐరన్ సైట్లతో షాట్లు నిలకడగా ఒకచోట గుంపుగా పడుతున్నాయని శిక్షకుడు రాతపూర్వకంగా ధ్రువీకరించిన తరువాతే రెడ్ డాట్ సైటు ఇవ్వాలి. రెడ్ డాట్‌తో సాధన చేసే ప్రతి అభ్యాసకుడూ ప్రతి సెషన్‌లో కొంత భాగం ఐరన్ సైట్లకు కేటాయించాలి. సైటు అమరిక ఎంచుకునేటప్పుడు, చుక్క ఆరినా సైటు అద్దపు కిటికీలోంచి ఐరన్ సైట్లు కనిపించే ఎత్తునే తీసుకోవాలి.

13. తీర్మానించడమైనది: మొరాయింపు సాధన ప్రతి సెషన్‌లో భాగం కావాలి. అభ్యాసకుడికి ముందుగా చెప్పకుండా శిక్షకుడు సైటును ఆపివేసి ఇవ్వాలి. చుక్క కనిపించకపోతే అభ్యాసకుడు చేయి దించకుండా ఐరన్ సైట్లకు మారాలి. అవి కూడా లేకపోతే సైటు కిటికీ చట్రం నడుమ లక్ష్యాన్ని నిలిపి షాటు పూర్తిచేయాలి. మరో సాధనగా ముందు అద్దానికి టేపు అంటించి, రెండు కళ్ళూ తెరిచి గురి చూడాలి. ఒక కన్ను చుక్కను, రెండో కన్ను లక్ష్యాన్ని చూడగా మెదడు రెంటినీ కలుపుతుంది. కొత్త కసరత్తులన్నీ ముందు ఖాళీ తుపాకీతో, తరువాతే పెల్లెట్‌తో చేయాలి.

14. తీర్మానించడమైనది: సైటు బ్యాటరీ ఆరిపోయేదాకా ఆగకూడదు. ఏడాదికి రెండుసార్లు, ఉగాదినాడు ఒకసారి, దసరాకు ఒకసారి, అన్ని సైట్ల బ్యాటరీలూ మార్చాలి. మార్చిన తేదీని చిన్న కాగితంపై రాసి పెట్టె మూత లోపల అంటించాలి. ప్రతి పెట్టెలో సీలు తీయని సీఆర్2032 సెల్ ఒకటి అదనంగా ఉండాలి. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్‌లు కొన్ని పరికరాల్లో సరిగా అంటుకోవు గనుక వాటిని ముందే వేసి చూసుకోవాలి. బటన్ సెల్ మింగిన చిన్నపిల్లల అన్నవాహిక రెండు గంటల్లోనే కాలిపోయే ప్రమాదం ఉంది. పాత సెల్‌లను టేపుతో చుట్టి, తాళం వేసిన డబ్బాలో ఉంచాలి.

15. తీర్మానించడమైనది: మౌంటు స్క్రూలను తయారీదారు చెప్పిన టార్క్‌కు రెంచితో బిగించాలి. బిగించాక స్క్రూ తలమీద నుంచి మౌంటు దాకా గోళ్ళరంగుతో ఒక సన్నని గీత గీయాలి. సెషన్‌కు ముందూ తరువాతా ఆ గీతను చూడాలి. గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే స్క్రూ కదిలినట్టే. అటువంటి సైటుతో ఆ రోజు తీసిన స్కోరును లెక్కలోకి తీసుకోరాదు.

16. తీర్మానించడమైనది: అభ్యాసకుడి స్కోరు హఠాత్తుగా పడిపోతే అతని పట్టును తప్పుపట్టే ముందు సైటును పరీక్షించాలి. తుపాకీని దిండు మీద ఆనించి ఐదు షాట్లు తీయాలి. ఐదూ ఒకచోటే పడి గుంపు మొత్తం పక్కకు జరిగితే సైటు జీరో, అంటే గురికీ షాటు పడే చోటుకీ ఉన్న పొంతన, తప్పినట్టు. ఐదూ చెల్లాచెదరైతే ముందు మౌంటు బిగువు చూడాలి, తరువాత పెల్లెట్లు చూడాలి, చివరన చేతిని చూడాలి. ఈ వరుస మార్చరాదు.

17. తీర్మానించడమైనది: జూన్ నుంచి అక్టోబరు వరకు సైట్లను సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాల్లో ఉంచాలి. రేంజికి చేరాక గాలి వేడికి సైటు అలవాటు పడేదాకా ఆగి, తరువాతే సాధన మొదలుపెట్టాలి. అద్దాన్ని చొక్కా అంచుతోగాని, చీర కొంగుతోగాని తుడవరాదు. ప్రతి పెట్టెలో మైక్రోఫైబర్ గుడ్డ ఉండాలి.

18. తీర్మానించడమైనది: తూటా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు కదలకుండా ఆగాలి. ఆ తరువాతే రేంజ్ ఆఫీసర్ పర్యవేక్షణలో తెరవాలి. పేలినప్పుడు శబ్దం మామూలు కంటే మెత్తగా వినిపిస్తే తూటా గొట్టంలోనే ఇరుక్కుపోయి ఉండవచ్చు. అప్పుడు మరో షాటు ప్రాణాంతకం. వెంటనే ఆపి, చేయి పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌ను పిలవాలి. రేంజిలో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరూ రక్షణ కళ్ళద్దాలు ధరించాలి.

19. తీర్మానించడమైనది: రేంజి ఆజ్ఞలు పోటీల్లో వినిపించే మాటల్లోనే, లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్ అని ఇవ్వాలి. వాటి అర్థమూ, మొరాయింపు వేళ చేయవలసిన పనుల క్రమమూ తెలుగు, ఒడియా భాషల్లో పెద్ద అక్షరాలతో బోర్డుపై రాయించాలి. అస్కాలో ఒకే వరుసలో నిలబడే పిల్లల ఇళ్ళలో రెండు భాషలు వినిపిస్తాయి. ప్రాణం కాపాడే మాట ప్రతి ఒక్కరికీ తమ భాషలో తెలియాలి.

20. తీర్మానించడమైనది: ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ సిలిండర్ల మీద ముద్రించిన తయారీ తేదీని నమోదు చేయాలి. పదేళ్ళు దాటిన సిలిండర్‌ను ఎంత బాగున్నట్టు కనిపించినా సాధనకు గాని, పోటీకి గాని వాడరాదు.

21. తీర్మానించడమైనది: లైసెన్సు అవసరమైన ఆయుధాలను మరమ్మతు చేయడానికి 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాలి. అటువంటి ఆయుధాలను లైసెన్సు ఉన్న వారి దగ్గరకే తీసుకువెళ్ళాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ళు మించిన శక్తి గాని, 0.177 అంగుళం మించిన గొట్టం వ్యాసం గాని ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు కావాలని తల్లిదండ్రులు తెలుసుకోవాలి. సైటు బ్యాటరీ మార్చడం, స్క్రూ బిగించడం అభ్యాసకుడి పని. ట్రిగ్గర్, బోల్టు, సర్క్యూట్ అతని పని కాదు.

22. తీర్మానించడమైనది: ప్రతి సెషన్‌లో కనీసం ఒక అదనపు తుపాకీ, ఒక అదనపు సైటు, అలెన్ కీల సెట్టు అందుబాటులో ఉండాలి. తన తుపాకీ మొరాయించిన అభ్యాసకుడు మరొకరి తుపాకీతో కొన్ని షాట్లయినా తీసే సాధన నెలకొకసారి జరగాలి. కరెంటు లేనినాడు కూడా సాధన ఆగకుండా కాగితపు టార్గెట్లు, చేతితో నడిపే టార్గెట్ తాడు ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి.

23. తీర్మానించడమైనది: మొరాయింపులను నమోదు చేయడానికి ఒక పుస్తకం ఉంచాలి. తేదీ, తుపాకీ, సైటు, వాతావరణం, ఏం జరిగింది, ఎలా సర్దుకున్నారు అన్నవి అభ్యాసకుడే స్వహస్తాలతో రాయాలి. తన పరికరం చెడిందని నిజాయితీగా చెప్పిన పిల్లవాడిని గాని, పిల్లను గాని ఎవరూ ఎగతాళి చేయరాదు. చెప్పకుండా దాచిపెట్టడాన్నే తప్పుగా పరిగణించాలి.

అమలు, విజ్ఞప్తి

24. తీర్మానించడమైనది: పై నిబంధనల అమలును శిక్షకులలో ఒకరు, తల్లిదండ్రులలో ఒకరు, పెద్ద అభ్యాసకులలో ఒకరు గల ముగ్గురు సభ్యుల ఉపసంఘం చూసుకుంటుంది. ఉపసంఘం నమోదు పుస్తకాన్ని నెలకొకసారి పరిశీలించి తదుపరి సమావేశానికి నివేదించాలి.

25. ఈ సమావేశం విజ్ఞప్తి చేస్తున్నది: భువనేశ్వర్ కళింగ స్టేడియంలో శిక్షణ పొందుతున్న ఒడిశా షూటర్లు, బరంపురం, ఛత్రపురం, హింజిలికాట్ ప్రాంతాల అభ్యాసకులు ఈ నిబంధనలను తమ రేంజిల్లో పరీక్షించి, తాము కనుగొన్న మెరుగులను ఈ సమావేశానికి తెలియజేయాలి.

26. ఈ సమావేశం విజ్ఞప్తి చేస్తున్నది: తల్లిదండ్రులు ఖరీదైన సైటు కొనే ముందు పిల్లల చేతికి ఐరన్ సైట్లు అలవడ్డాయో లేదో శిక్షకుడిని అడగాలి. అలవడకపోతే ఆ డబ్బును పెల్లెట్ల మీద ఖర్చు చేయాలి.

27. తీర్మానించడమైనది: ఈ తీర్మానం ఆమోదించిన రోజు నుంచే అమలులోకి వస్తుంది. చుక్క ఆరిన క్షణంలో చేయి దించకుండా షాటు పూర్తిచేయగలిగిన అభ్యాసకుడినే ఇకపై పోటీకి సిద్ధమైన వాడిగా పరిగణిస్తారు.